మేం లేనప్పుడు మా పెరట్లో

మెదక్‌లో ఇల్లు కొనుక్కుని దిగిన వారానికే, మేం లేని సమయంలో మా పెరట్లోకి ఎవరో వచ్చిపోతున్నారని నాకు అనుమానం వచ్చింది.

ముందు అనుమానం తెప్పించింది నీళ్ల గిన్నె. బట్టలుతికే బండ పక్కన కుక్క కోసం ఒక స్టీలు గిన్నె పెట్టి, పొద్దున ఎనిమిదిన్నరకు నీళ్లు పోసి ఆఫీసుకు వెళ్లేదాన్ని. మార్చి ఎండలు. సాయంత్రం వచ్చేసరికి అడుగున రెండు గుక్కలు మిగిలితే ఎక్కువ. ఆ రోజు వచ్చి చూస్తే గిన్నె అంచుదాకా నిండుగా ఉంది. వేలు ముంచి చూశాను. చల్లగా ఉన్నాయి. పొద్దుటి నుంచి ఎండలో ఉన్న నీళ్లు అంత చల్లగా ఉండవు.

మా ఆయన వచ్చాక చెప్పాను.

"కుక్క తాగలేదేమో," అన్నాడు.

"తాగకపోతే ఎండకు వేడెక్కాలె గదా?"

"ఏమో మరి. నువ్వు ఊకె గిట్ల పరేషాన్ అయితవు," అని స్నానానికి వెళ్లిపోయాడు.

అతనన్న దాంట్లో తప్పేం లేదు. పరేషాన్ అవడం నాకు పదకొండేళ్ల అలవాటు. అన్నేళ్లు కిరాయి ఇళ్లలో ఉన్నాం. నాలుగు ఇళ్లు మారాం. మా దగ్గర ఒక తెల్ల పిల్లి ఉండేది. ఏ ఇంటి ఓనరుకూ దాని సంగతి చెప్పేవాళ్లం కాదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, దాన్ని చంకనేసుకుని బాత్రూంలోకి పరిగెత్తి, అది అరిస్తే వినిపించకుండా నల్లా తిప్పేదాన్ని. ఎవరు పైకి చూశారు, ఎవరు పిల్లి వెంట్రుకలు గమనించారు, ఎవరు ఓనరుతో చెప్పి ఉంటారు అని రోజంతా లెక్కలే. తర్వాత తూప్రాన్ బస్టాండు దగ్గర సగం చెవి తెగిపోయిన ఒక ఆడకుక్క మా ఆయన వెంటపడి వచ్చింది. కుక్కను బాత్రూంలో దాచలేం గదా. ఆఖరి ఇంటి ఓనరు మెట్ల కింద నిలబడి, "కుక్కనన్న తీసెయ్యుండ్రి, ఇల్లన్న ఖాళీ చెయ్యుండ్రి," అన్నాడు. ఆ మాట మీదే మేం ఇల్లు కొనుక్కున్నాం.

చిన్న ఇల్లు. రెండు గదులు, వంటిల్లు. వెనక పెరట్లో ఒక సీతాఫలం చెట్టు, ఛాతీ ఎత్తు గోడ, సన్నటి సందులోకి తెరుచుకునే రేకు గేటు. నేను నిజాంపేటలో వ్యవసాయ శాఖ ఆఫీసులో పని చేస్తాను. మా ఆయనది తూప్రాన్ దగ్గర కంపెనీలో ఉద్యోగం. పొద్దున పోతే మళ్లీ సాయంత్రమే ఇద్దరం ఇంటికి చేరేది. ఆ మధ్య సమయమంతా పిల్లి, కుక్క ఇల్లేలుకుంటాయని మా సంబరం.

పక్కింట్లో ఒక ముసలామె ఉండేది. అరవై దాటి ఉంటాయి. వరండాలో మిషన్ వేసుకుని జాకెట్లు కుట్టేది. వీధిలో అందరూ ఆమెను ఖాలా, అంటే పిన్నమ్మ, అనేవాళ్లు, నేనూ అలాగే అన్నాను. మేం సామాన్లు దింపుతున్న రోజునే గోడ దగ్గరికి వచ్చి పలకరించింది.

"ఇద్దరు నౌకరీ చేస్తరా బిడ్డా? ఎన్ని గంటలకు పోతరు?"

"ఎనిమిదిన్నరకు, ఖాలా."

"వచ్చేటాలకు?"

"ఆరవుతది."

"ఎనుక గేటుకు తాళమేస్తరా మరి?"

"గొళ్లెం ఉన్నది గదా," అన్నాను నవ్వుతూ. అప్పటికి అది మామూలు పలకరింపుగానే అనిపించింది. గిన్నె నిండిన రోజు తర్వాత ఆ మూడు ప్రశ్నలూ నాకు ఒక్కొక్కటే గుర్తొచ్చి గుచ్చుకున్నాయి.

నీళ్లతో ఆగలేదు. తెల్ల పిల్లి సాయంత్రం పెట్టిన అన్నం వాసన చూసి వెళ్లిపోవడం మొదలుపెట్టింది. ఆకలి లేదంటే ఎక్కడో తింటున్నట్టే. ఒకరోజు సీతాఫలం చెట్టు వెనక ఒక మట్టి మూకుడు కనిపించింది. అది మాది కాదు. లోపల ఎండిపోయిన మెతుకులు, పాల మరక. ఇంకో మగపిల్లి కూడా వస్తుండేది. గోధుమరంగుది, బలిసింది. మా ఇంట్లోకి భయం లేకుండా నడిచొచ్చి, వంటింటి అటక మీదకు ఒక్క దూకు దూకి, అక్కడే పుట్టినదానిలా ముడుచుకుని పడుకునేది. మా పిల్లి కింద నిలబడి బుసలు కొట్టేది. నేను చీపురుతో దాన్ని తరిమేసేదాన్ని. అది ఖాలా పిల్లి అనుకున్నాను. ఆమె గోడ మీది నుంచే అది దిగేది మరి.

ఒక ఆదివారం మేమిద్దరం ఇంట్లోనే ఉన్నాం. మధ్యాహ్నం పన్నెండు దాటాక కుక్క లేచి వెనక గేటు ముందుకు వెళ్లి కూచుంది. గేటువైపే చూస్తోంది. కాసేపటికి తోక నేలకేసి కొట్టడం మొదలుపెట్టింది. మా కుక్క మామూలుగా పాలవాణ్ని చూసినా, పోస్టుమన్‌ను చూసినా మొరుగుతుంది. మా అత్తగారిని చూసినా మొరుగుతుంది. అలాంటిది ఎవరికోసం తోక ఆడిస్తోంది? నేను వంటింట్లోనే నిలబడి విన్నాను. సందులో అడుగుల చప్పుడు వచ్చింది. గేటు దాకా వచ్చి ఆగింది. లోపల మా ఆయన టీవీ నడుస్తోంది. ఆ చప్పుడు బయటికి వినపడే ఉంటుంది. అడుగులు వెనక్కి వెళ్లిపోయాయి. నేను గేటు తీసి చూసేసరికి సందు ఖాళీ.

మర్నాడు ఆఫీసులో ఈ సంగతి చెబితే, నా పక్క సీటు ఆయన పెన్ను కింద పెట్టి మరీ చెప్పాడు. "జర పైలం మేడం. దొంగలు ముందుగాల కుక్కనే మచ్చిక చేసుకుంటరు. నాలుగు దినాలు అన్నం పెడ్తరు. ఐదో దినం అండ్ల మందు కలుపుతరు."

ఆ మాట విన్నాక నాకు పని మీద మనసు నిలవలేదు. సాయంత్రం బస్సులో కూచుని, ఇంటికి వెళ్లేసరికి కుక్క కాళ్లు చాపుకుని పడి ఉంటుందేమోనని ఊహించుకుంటూ వచ్చాను.

మరుసటి రోజు పొద్దున వెళ్లేముందు వెనక గేటు లోపల నేల మీద ముగ్గుపిండి పలచగా చల్లాను. ముగ్గు వేయలేదు, ఊరికే జల్లించినట్టు చల్లాను. సాయంత్రం వచ్చి చూస్తే చెప్పుల ముద్రలు పడి ఉన్నాయి. కుడికాలిది స్పష్టంగా ఉంది. ఎడమ కాలిది ఈడ్చినట్టు పొడుగ్గా గీత పడింది. ఖాలాకు మోకాళ్ల నొప్పులు. నడిస్తే ఎడమ కాలు ఈడుస్తుంది. ఆ ముద్రల ముందు కూచుని నేను దాదాపు సంతోషపడ్డానంటే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది. అనుమానం నిజమైనప్పుడు మనిషికి ఒక రకమైన తృప్తి కలుగుతుంది. నాకు ఆ రోజు అదే కలిగింది.

మా ఆయనకు చూపించాను. ఈసారి అతను నవ్వలేదు. "ఆమెకు మన ఇంట్ల ఏం పని?" అన్నాడు.

ఆ తర్వాత సోమవారం కుక్క వాంతులు చేసుకుంది. నేను ఇంటికి వచ్చేసరికి బండ పక్కన నాలుగు చోట్ల కక్కి, కళ్లు మూసుకుని పడుకుని ఉంది. పిలిస్తే సగం చెవి మాత్రం కదిలింది. ఆటోలో ఒళ్లో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన పొట్ట నొక్కి చూసి సూది వేశాడు. "బయటిది ఏందో తిన్నది. మందు పెట్టినట్టయితే కనిపిస్తలేదు. గని గట్టిగ చెప్పలేం," అన్నాడు. నా చెవికి "చెప్పలేం" అన్న మాట ఒక్కటే అందింది.

తెల్లారి ఆఫీసుకు వెళ్లకుండా ఖాలా వరండా ముందు నిలబడ్డాను. ఆమె సూదిలో దారం ఎక్కిస్తోంది.

"ఖాలా, మా కుక్కకు మీరేమన్న పెడ్తున్నరా?"

ఆమె కళ్లద్దాల పైనుంచి చూసింది. "ఏం పెట్టుడు?"

"మేం లేనప్పుడు మా ఇంట్లకు వస్తున్నరు గదా. ముగ్గుల మీ చెప్పుల గుర్తులు పడ్డయి. నిన్న కుక్క చచ్చేటట్టయింది."

దారం సూదిలోంచి జారిపోయింది.  ఆమె మెల్లగా అంది. "అల్లా కసమ్ బిడ్డా. నా చేతులకెళ్లి నీ కుక్కకు ఒక్క మెతుకు పోలే. నీ గేటు నేను ముట్టలే."

"మరెవరు వస్తున్నరు?"

ఆమె చూపు ఒక్క క్షణం వెనక సందువైపు పోయింది. నేను అది పట్టుకున్నాను.

"మీకు తెల్సు. తెల్సి చెప్తలేరు."

"నన్ను అడగకు. నేను మాటిచ్చిన," అంది. ఆ తర్వాత మిషన్ వైపు తిరిగి, "పో బిడ్డా. నాకు పని ఉన్నది," అని తొక్కడం మొదలుపెట్టింది. సూది కింద బట్ట లేదు. ఉత్త మిషన్ తిరుగుతోంది. బట్ట పెట్టడం మరిచిపోయింది. భయంతో అనుకున్నాను, అవమానంతో అనుకోలేదు.

బుధవారం మామూలుగా బ్యాగు వేసుకుని, వీధిలో అందరికీ కనిపించేటట్టు బస్టాండుకు నడిచాను. అక్కడ ఒక గంట కూచుని, ఆటోలో తిరిగి వచ్చి, ముందు తలుపు చప్పుడు కాకుండా తీసుకుని లోపలికి వెళ్లాను. వంటింటి కిటికీ రెక్క ఒక అంగుళం తెరిచి, పీట వేసుకుని కూచున్నాను. ఫ్యాను కూడా వేసుకోలేదు. చేతిలో రోకలి పెట్టుకున్నాను. దాంతో ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

పన్నెండు దాటింది. గేటు సందులోంచి ఒక పుల్ల లోపలికి వచ్చి, గొళ్లేన్ని పైకెత్తింది. గేటు తెరుచుకుంది. కుక్క లేచి తోక ఊపింది.

లోపలికి వచ్చింది ఒక ఆడమనిషి. యాభై అయిదేళ్లుంటాయి. నేత చీర, మెడలో నల్లదారానికి చిన్న శిలువ, చంకలో గుడ్డసంచి. ఎడమ కాలు ఈడుస్తోంది. ఆ వయసు ఆడవాళ్లలో మోకాళ్ల నొప్పులు లేనిది ఎందరికి? ఆ ముక్క నాకు అంతకుముందు తట్టలేదు. ఆమె ముందు గిన్నె కడిగి, చెట్టు నీడలో ఉన్న మా కుండలోంచి చల్లటి నీళ్లు పోసింది. సంచిలోంచి డబ్బా తీసి మూకుట్లో పాలన్నం పెట్టింది. నాలుకతో టక్‌టక్‌మని చప్పుడు చేసింది. గోడ మీది నుంచి గోధుమరంగు పిల్లి దూకి, ఆమె కాళ్లకు చుట్టుకుంది. ఆమె బండ మీద కూచుని, అది తింటున్నంతసేపూ దాని వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

నేను తలుపు తీశాను. ఆమె లేవబోయి మోకాలు పట్టేసి మళ్లీ కూలబడింది.

"ఎవరు నువ్వు? మా ఇంట్ల ఏం చేస్తున్నవు?" నా గొంతు నాకే కీచుగా వినిపించింది.

"తిట్టకుండ్రి మేడం. దొంగను కాను. గీ ఇంట్ల నేను పధ్నాలుగేండ్లు కిరాయికున్న," అంది.

నేను రోకలి గోడకు ఆనించాను.

ఆమె హాస్టల్లో వంట చేస్తుందట. ఇల్లు అమ్మేశాక ఓనరు నెల గడువిచ్చాడు. ఇప్పుడుంటున్న గది మేడ మీద. అక్కడ పిల్లిని ఉంచనివ్వరు. రెండుసార్లు గోనెసంచిలో వేసుకుని తీసుకుపోయింది. రెండుసార్లూ అది రోడ్లు దాటుకుని ఈ ఇంటికే వచ్చేసింది. "నేనంటె పాణమే దానికి. గని ఇల్లంటె ఇంకా పాణం," అంది. పొద్దుటి వంటకూ సాయంత్రం వంటకూ మధ్య దొరికిన ఖాళీలో నడిచొచ్చి అన్నం పెట్టి పోతోంది. ఖాలాను ఎవరికీ చెప్పొద్దని బతిమాలుకుంది.

"మా కుక్కకేం పెట్టినవు?"

ఆమె తల దించుకుంది. "పెట్టద్దనుకున్న మేడం. అది గట్ల చూస్తుంటె పాణం ఆగలే. సోమారం నాడు హాస్టల్ల మిగిలిన కోడి బొక్కలు ఏసిన. దానికేమన్న అయిందా?"

"వాంతులు చేసుకున్నది. ఇప్పుడు బానే ఉన్నది."

"అయ్యో ప్రభువా," అని చెంపలు వేసుకుంది. తర్వాత, "మీరు ఇల్లు చూడనీకి వచ్చిననాడు నేను ఇంట్లనే ఉన్న," అంది. "చాయ పెడ్తున్న. మీరు చెట్టు చూసి మస్తు ఖుషీ అయిండ్రు."

అప్పుడు గుర్తొచ్చింది. ఇల్లు చూడడానికి వచ్చిన రోజు తీగ మీద చీరలు ఆరేసి ఉన్నాయి. వంటింట్లో ఒకామె మాకు వీపు తిప్పి పొయ్యి దగ్గర నిలబడి ఉంది. నేను పెరడంతా తిరిగి, కుక్కకు ఇక్కడ, పిల్లికి అక్కడ అనుకుంటూ, బ్రోకరును ఒకే ఒక ప్రశ్న అడిగాను. ఎప్పుడు ఖాళీ చేస్తారు? నెల రోజుల్లో అన్నాడు. నాకు ఆ జవాబు చాలా బాగా నచ్చింది. ఎవరామె, ఎక్కడికి పోతుంది అని అడగలేదు. పదకొండేళ్లు పిల్లిని చంకలో దాచుకుని తిరిగినదాన్ని, ఆమెకూ ఒక పిల్లి ఉంటుందేమోనని నాకు తోచనే లేదు.

ఆమెకు చాయ పెట్టిచ్చాను. తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్లింది. షెల్ఫ్ ఎక్కడుందో నేను చెప్పనవసరం లేకపోయింది.

ఇది చెబితే బాగుండదు గానీ చెబుతాను. ఆమె వెళ్లాక నేను బీరువా తెరిచి చూసుకున్నాను. ఏమీ పోలేదు. ఏమీ పోదని తెలిసే చూసుకున్నాను.

మా ఆయన అంతా విని, "పాపమే. గని మనం లేనప్పుడు ఎవరొచ్చినా నాకు మంచిగనిపియ్యదు. పిల్లి కోసమే అని మనకేం తెల్సు?" అన్నాడు. మర్నాడు గేటుకు తాళం కొనుక్కొచ్చి వేశాడు. నేను అడ్డు చెప్పలేదు. నాలో సగం అతనివైపే ఉంది.

శనివారం మా ఆయనకు సెలవు. మధ్యాహ్నం అతను సందువైపు నుంచి వస్తుంటే, మా గేటు బయట నేల మీద మూకుడు, దాని ముందు గోధుమరంగు పిల్లి కనిపించాయట. ఆమె గేటుకు చెయ్యానించి నిలబడి ఉందట. ఇంతలో ఒక బండి హారన్ కొట్టుకుంటూ ఆ సందులోనే దూసుకొచ్చింది. పిల్లి తప్పించుకుంది. మూకుడు పగిలింది. ఆమె ఏమీ అనకుండా వంగి పెంకులు ఏరుతుంటే మా ఆయన తాళం తీసి, "లోపలికి రాండ్రి," అన్నాడు. సాయంత్రం నాతో, "తాళంచెవి ఒకటి ఆమెకిచ్చిన," అని మాత్రం చెప్పాడు. 

ఖాలా సంగతి అంత తొందరగా తెమలలేదు. నేను వెళ్లి తప్పయిపోయిందన్నాను. ఆమె మిషన్ ఆపకుండానే, "అనుమానపడ్డది తప్పు కాదు బిడ్డా. నన్ను అన్నవు సూడు, గది తప్పు," అంది. జాకెట్టు గుడ్డలు ఇస్తే తీసుకుంది. కుట్టి గోడ మీది నుంచి అందించింది. ఇదివరకటిలా చేతులు బాగా కుదిరాయా, మెడ లోతు సరిపోయిందా అని అడగలేదు. రెండు నెలలు అలాగే గడిచింది.

వానలు మొదలయ్యాక ఆ హాస్టలు వంటామెకు శివ్వంపేటలో పని దొరికింది. అక్కడ ఉండడానికి కింది గది కూడా ఇచ్చారట. పిల్లి కోసం మూత ఉన్న గంప తెచ్చింది. నేనూ ఆమెతో ఆటోలో వెళ్లాను. దారి పొడుగునా పిల్లి గంపలో అరుస్తూనే ఉంది. ఆమె మూత సందులోంచి వేలు లోపలికి పెట్టి, దానికి తెలిసిన మాటలేవో చెబుతూ కూచుంది. గదిలో గంప తెరవగానే అది మంచం కిందికి దూరింది. నేను తిరిగొచ్చాను.

అంత దూరం నుంచి కూడా వచ్చేస్తుందేమోనని నాకు అనుమానం. ఒక వారం రోజులు పొద్దున లేవగానే గోడవైపు చూశాను. రాలేదు. ఫోన్ చేసి, "ఉన్నదా?" అని అడిగాను.

"ఉన్నది మేడం. నిన్న బయటికొచ్చి గడపల కూసున్నది," అంది.

ఆ సాయంత్రం ఖాలా గోడ దగ్గరికి వచ్చింది. "పిల్లిని తీస్కపోయిందంట గదా. నాకొక మాట చెప్పకపోతివి," అంది.

ఆ గొంతులో కోపం ఉంది. రెండు నెలల తర్వాత ఆమె నాతో కోపంగానైనా మాట్లాడింది.

"చాయ తాగనీకి రా ఖాలా, అన్ని చెప్త," అన్నాను.

ఆమె గోడ మీంచి చెయ్యి తీసింది. తర్వాత చున్నీ తల మీదకు లాక్కుని, వీధిలోంచి చుట్టూ తిరిగి, మా ముందు తలుపు నుంచి లోపలికి వచ్చింది. కుక్క గట్టిగా మొరిగింది. "నన్ను చూసి మొరుగుతున్నది సూడు," అంది ఖాలా. "నేనెన్నడన్న వచ్చినదాన్నయితె మొరుగుతుండెనా?"

నేను తల వంచుకుని చాయ పొయ్యి మీద పెట్టాను. ఆమె కుర్చీ జరుపుకుని కూచుని, చక్కెర తక్కువ వెయ్యమంది.